నాలుగంగుళాలు తగ్గిన నడుము

టేపు తాత మనిషిని ముఖం చూసి గుర్తుపట్టడు, నడుము చూసి గుర్తుపడతాడు. నలభై ఎనిమిదేళ్ళుగా అదే దుకాణం, అదే కటింగ్ టేబులు, మెడలో వేలాడే పసుపు టేపు. అద్దాల తలుపు వెనక నిలబడి దారిన పోయేవాళ్ళను చూస్తూ, "అదిగో, ఆయన పెళ్ళి కోటు నేనే కుట్టాను, ఇప్పుడు తొడిగితే గుండీలు ఎదుటివాడి కంట్లో పడతాయి" అనడం ఆయనకు కాలక్షేపం. ఎవరికి పొట్ట పెరిగిందో, ఎవరి భుజం ఒక పక్కకు వాలిందో ఇంట్లోవాళ్ళ కంటే ముందు ఆయనకు తెలిసిపోయేది. అంత చూపున్న మనిషికి తన ఒళ్ళు కనపడలేదా అని తర్వాత అందరూ అడిగారు. కనపడకేం, కనపడింది. దాచిపెట్టాడు. ఎలా దాచాడో చెప్పాలంటే ముందు ఆ దుకాణం సంగతి చెప్పాలి.

చదివించేవాళ్ళు లేక పదకొండో ఏట ఒక దర్జీ దగ్గర చేరాడాయన. మూడేళ్ళు కాజాలే కుట్టించారట, నాలుగో ఏడు కత్తెర చేతికిచ్చారు. సొంత దుకాణం పెట్టాక లాయర్ల నల్లకోట్లు, బడిపిల్లల యూనిఫారాలు, బ్యాంకు మేనేజర్ల ప్యాంట్లు, అన్నీ ఆ టేబులు మీదే కత్తిరించాడు. రెడీమేడ్ షాపులొచ్చాక కొత్తబట్టలు కుట్టించుకునేవాళ్ళు పోయి, కొన్నవాటిని బిగించుకునేవాళ్ళు మిగిలారు. "ఎవడో కుట్టిందాన్ని విప్పడానికా నేను పుట్టింది" అని సణుగుతూనే విప్పేవాడు. ముక్కు మీద కోపం, నాలుక చివర వెటకారం. భార్య పోయి తొమ్మిదేళ్ళయింది. కొడుకు ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చూసే ఉద్యోగం చూసుకున్నాడు గానీ టేపు ముట్టుకోలేదు. ముట్టుకున్నది మనవరాలు. డిగ్రీ అయ్యాక రెండు నెలలు ఊరికే ఎందుకు కూర్చోవాలని వచ్చిన పిల్ల, మూడేళ్ళయినా మిషను ముందు నుంచి లేవలేదు.

ఇద్దరికీ కుదిరిన పద్ధతి ఒకటుంది. ఆల్టరేషన్‌కి వచ్చిన బట్టను తాత తిరగేసి, ఎంత తగ్గించాలో సుద్దతో గీత గీసి, నంబరు చీటీ గుచ్చి బుట్టలో పడేస్తాడు. మనవరాలు బుట్టలోంచి తీసి గీత మీద కుట్టేస్తుంది. ఎవరిది, ఎందుకు అని అడగడం ఉండదు. "బట్ట ఎవరిదైతే నీకేంటి, గీత తప్పకుండా పో" అన్నది ఆయన చెప్పిన మొదటి పాఠం. ఆ పిల్ల దాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. అక్కడే వచ్చింది తంటా.

ఏడాదిగా ఆయనకు పొద్దుటిపూట బాత్రూంలో ఎక్కువసేపు పడుతోంది. ఒకరోజు మలబద్ధకం, మర్నాడు విరేచనాలు. రక్తం కనిపిస్తే మొలలు అనుకున్నాడు, మందుల షాపువాడూ అలాగే అనుకుని ఏదో లేపనం చేతిలో పెట్టాడు. పొట్ట ఉబ్బరిస్తే ఒక పూట తిండి మానేసేవాడు. ముఖం పాలిపోయిందని కోడలు అంటే, "ఎండ మొహం చూడనివాడికి రంగు ఎక్కడినుంచి వస్తుందమ్మా" అని కొట్టిపారేసేవాడు. ఒక ఉదయం ఇస్త్రీపెట్టె పట్టుకుని నిలబడ్డవాడు నిలబడ్డట్టే కుప్పకూలాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మితభాషి. పొట్ట నొక్కి చూసి, బరువు తగ్గారా అని అడిగింది. ఏమో అన్నారు తాతా, కొడుకూ, మనవరాలూ.

"పోనీ, బట్టలు వదులయ్యాయా?"

"నా ప్యాంటు చూడండి, వేలు దూరే సందు లేదు" అన్నాడు టేపు తాత, కాస్త పొగరుగానే.

అదీ నిజమే. డాక్టరమ్మ నడుము వైపు చూసి ఏదో రాసుకుంది. పక్కనున్న కొడుకు హమ్మయ్య అనుకున్నాడు. రక్తం మాత్రం ఉండాల్సినదాంట్లో సగమే ఉందని తేలింది. రెండు సీసాలు ఎక్కించి, మర్నాడు కింది నుంచి సన్నటి గొట్టంతో కెమెరా పంపి పెద్దపేగు చూశారు. ఎడమపక్క మలుపు దగ్గర గొట్టం ముందుకు పోలేదు. అడ్డుగా ఉన్నదాంట్లోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు.

ఆ సాయంత్రం ఇంట్లో మనవరాలు ఆయన బూడిదరంగు ప్యాంటు ఉతకడానికి తిరగేసింది. వెనక నడుము కుట్టు దగ్గర గుడ్డ దళసరిగా తగిలింది. చూస్తే, ఒకదాని పక్కన ఒకటి మూడు వరసల కుట్టు. ఒక్కో వరస ఒక్కోసారి లోపలికి తీసిన గుర్తు. అలమరలో ఉన్న మిగతా నాలుగు ప్యాంట్లూ తీసి చూసింది. అన్నీ అంతే. టేపు పెట్టి కొలిస్తే ఒక్కోదానికీ మొత్తం నాలుగంగుళాలు. కుట్టు చివర దారం ఊడిపోకుండా మూడుసార్లు వెనక్కీ ముందుకీ పోనిచ్చిన ముడి, అది ఆ దుకాణంలో ఒక్కరి చేతికే అలవాటు. కుట్టింది తనే. నంబరు చీటీ గుచ్చి, ఊళ్ళోవాళ్ళ బట్టల మధ్య తన ప్యాంట్లు కలిపేసి, తాత తన చేతే తన జబ్బును కప్పెట్టించాడు. పిల్ల నల్లా తిప్పి ఉంచి, నీళ్ళ చప్పుడులో ఎవరికీ వినపడకుండా ఏడ్చింది.

నాలుగో రోజు ఫలితం వచ్చింది. డాక్టరమ్మ కొడుకునూ మనవరాలినీ మాత్రం గదిలోకి పిలిచి, కాగితం మీద పేగు బొమ్మ గీసింది.

"క్యాన్సరే. పేగు లోపలి పొరలో పుట్టి ఏళ్ళ తరబడి పెరిగింది. ఇప్పుడు దారి దాదాపు మూసేసింది. పూర్తిగా మూసుకుపోతే పేగు పగలొచ్చు. స్కాన్‌లో వేరేచోటికి పాకినట్టు లేదు. ఆలస్యం చెయ్యకండి, రెండు వారాలు దాటనివ్వకూడదు. ఆ ముక్క తీసేసి, పేగు పైభాగాన్ని పొట్టకు చిల్లు పెట్టి బయటికి తెస్తాం. మలం అక్కడ తగిలించిన సంచీలోకి వస్తుంది."

మనవరాలు నాలుగంగుళాల సంగతి చెప్పింది. "అది నేను ముందే చూసుంటే?"

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "ముందే చూసుంటే ముందే వచ్చేవారు. అంతకంటే నేనేం చెప్పలేనమ్మా."

బయటికొచ్చాక తండ్రి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "ఆ మాట ఆయన చెవిన పడకూడదు. మీ నాయనమ్మకి తన జబ్బు పేరు చెప్పిన వారానికే మంచం పట్టింది, మళ్ళీ లేవలేదు. పేగులో పుండు అని చెబుదాం. సరేనా?"

ఆమె సరే అంది. అనకుండా ఉండాల్సింది.

"పుండుకి సంచీయా?" అన్నాడు టేపు తాత. "మందు మింగితే మానేదానికి పొట్టకి చిల్లు పెట్టించుకోవాలా? కొలతలు తీసేటప్పుడు మనిషిని ఆనుకుని నిలబడతాను నేను. కంపు కొడితే ఎవడొస్తాడురా నా దుకాణానికి?" కొడుకు బతిమాలాడు, కసిరాడు, చివరికి దణ్ణం పెట్టాడు. తాత మొండికేశాడు. ఆయన వాదనలో తప్పేముంది? పుండుకు ఎవరూ సంచీ తగిలించుకోరు. అబద్ధం చెప్పినవాళ్ళే ఆయన నోటికి జవాబు అందించారు.

ఐదు రోజులు గడిచాయి. తాత మళ్ళీ దుకాణానికి వచ్చి కూర్చున్నాడు. రెండు ముద్దలు తిని కంచం నెట్టేస్తున్నాడు. పొట్ట బిగిసి ఉంది, ముఖంలో నెత్తురు చుక్క లేదు. పక్కన మిషను తొక్కుతున్న మనవరాలికి ఒక్క కుట్టూ తిన్నగా రావడం లేదు. ఆరో రోజు పొద్దున్నే ఆయన వాంతి చేసుకుని, నోరు కడుక్కుని, ఏమీ కానట్టు కత్తెర అందుకున్నాడు. ఆమె ఇక ఆగలేకపోయింది. అద్దాల తలుపుకు లోపల గడియ పెట్టి, బూడిదరంగు ప్యాంటు తిరగేసి టేబులు మీద పరిచింది.

"ఇది నేను కుట్టిందే కదూ?"

తాత కళ్ళజోడు సవరించుకున్నాడు. "ఊఁ. కుట్టు బాగానే కుదిరింది."

"హాస్యాలొద్దు తాతయ్యా. ఎందుకు దాచావు?"

"దాచడానికేముంది, వయసు మీదపడితే ఒళ్ళు తగ్గుతుంది. మీ నాన్న కంటబడితే ఆసుపత్రి ఆసుపత్రి అని ప్రాణం తీస్తాడు. మీ నాయనమ్మ నడుచుకుంటూ వెళ్ళింది అక్కడికి. ఎలా తిరిగొచ్చిందో నేను చూశాను."

"నీది పుండు కాదు తాతయ్యా." ఆమె మూడు వరసల కుట్టు మీద వేలు పెట్టింది. "క్యాన్సర్. పేగు మూసుకుపోతోంది."

తాత టేబులు మీది ప్యాంటు వైపు చూశాడు. కోసేసిన గుడ్డ తప్పు కొలతని తెలిసినప్పుడు చూసేవాడు అలా, ఇక దాన్ని అతకలేమని తెలిసి. ప్యాంటు మడిచి పక్కన పెట్టి అడిగాడు.

"నీకెప్పుడు తెలుసు?"

"ఆరు రోజులయింది."

"ఆరు రోజులు నా పక్కన కూర్చుని మిషను తొక్కావా? మీ నాన్నంటే పిరికివాడు. నువ్వు కూడానా? ఫో, నా కళ్ళ ముందునుంచి ఫో!"

ఆమె వెళ్ళి గుమ్మం మెట్టు మీద కూర్చుంది. బట్టలు తెచ్చిన ఇద్దరిని మధ్యాహ్నం రమ్మని పంపేసింది. లోపల ఏ చప్పుడూ లేదు. ఆయన తనను ఎప్పటికీ క్షమించకపోయినా ఫరవాలేదు, ఆపరేషన్‌కి ఒప్పుకుంటే చాలు అని ఆ మెట్టు మీద కూర్చుని వెయ్యిసార్లు అనుకుంది. అరగంటకు తలుపు తెరుచుకుంది.

"సంచీ పెట్టుకోకపోతే ఏమవుతుంది?"

చెప్పింది. వాంతులు, నొప్పి, పేగు పగలడం, ఏదీ దాచలేదు.

"పెట్టుకుంటే?"

"ఎన్నాళ్ళని డాక్టరమ్మ కూడా చెప్పలేదు. కానీ అన్నం తినగలుగుతావు."

తాత మెడలోంచి టేపు తీసి మేకుకు తగిలించాడు. "అయితే తాళం వెయ్యి" అన్నాడు.

ఆ సాయంత్రం తండ్రి ఆమె ముఖం చూడలేదు. "ఆయన ధైర్యాన్ని చంపేశావు" అని ఒక్క మాట అనేసి గదిలోకి పోయాడు. ఏమో, నిజమేనేమో అని ఆమెకు భయం వేసింది.

ఆపరేషన్ ముందురోజు ఒక నర్సు వచ్చి సంచీ ఎక్కడ పెట్టాలో పొట్ట మీద పెన్నుతో గుర్తు పెట్టింది. కూర్చోబెట్టి, నిలబెట్టి, వంగమని చూసి చుక్క పెట్టింది. టేపు తాత తల వంచి చూసుకుని ముఖం చిట్లించాడు.

"అక్కడ కాదమ్మా, నడుముపట్టీ సరిగ్గా దానిమీదే వస్తుంది. ఒరుసుకుంటుంది. అంగుళమున్నర పైకి జరుపు."

నర్సు మళ్ళీ వంగి చూసింది. "మీరు చెప్పిందే కరెక్టు" అని చెరిపి, పైన పెట్టింది. తాత ఒక్క క్షణం గర్వంగా మనవరాలి వైపు చూశాడు. అంతలోనే గుర్తు ఎందుకు పెడుతున్నారో జ్ఞాపకం వచ్చి తల దించుకున్నాడు.

ఆపరేషన్ నాలుగు గంటలు పట్టింది. డాక్టరమ్మ బయటికొచ్చి మాస్కు తీసింది.

"గడ్డ తీసేశాం, దారి ఏర్పడింది. కానీ పొట్ట లోపలి పొర మీద ఇసకరేణువులంత క్యాన్సర్ గింజలు చాలాచోట్ల ఉన్నాయి. స్కాన్‌కి అందనంత చిన్నవి. అవన్నీ తీయలేం. మందులతో కొన్నాళ్ళు ఆపగలం, పోగొట్టలేం."

తండ్రి గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. "మొదటిసారి నడుము బిగించినప్పుడే వచ్చుంటే..." అన్నాడు, ఎవరితోనో. మనవరాలు వినలేదన్నట్టు నిలబడింది. విన్నది. ఆ మాట బతికినంతకాలం వింటూనే ఉంటుంది.

మూడు రోజులకు తాత కాస్త కూర్చోగలిగాడు. పల్చటి గంజి తాగాడు, కడుపులో నిలిచింది. సంచీ ఖాళీ చెయ్యడం మనవరాలు నర్సు దగ్గర నేర్చుకుంది. మొదటిసారి చేసేటప్పుడు ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. "నీ చేత ఇది కూడా చేయించుకుంటున్నాను" అన్నాడు. "గీత తప్పకుండా చేస్తున్నానా లేదా, అది చూడు" అందామె. ఆయన నవ్వబోతే కుట్లు పోటు పెట్టాయి.

నాలుగో రోజు మధ్యాహ్నం, కొడుకూ మనవరాలూ ఇద్దరూ ఉన్నప్పుడు ఆయనే అడిగాడు.

"మొత్తం తీసేశారా?"

"అదీ... నాన్నా... గడ్డ అయితే..." కొడుకు నీళ్ళు నమిలాడు.

తాత అతన్ని వదిలేసి మనవరాలి వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు."

ఆమె తండ్రి వైపు చూసింది. ఆయన ఈసారి వద్దనలేదు. పైకండువాతో ముఖం కప్పుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు. ఆమె మంచం పక్కన నిలబడి డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు చెప్పింది. ఇసకరేణువుల సంగతి, మందులు ఆపగలవు గానీ పోగొట్టలేవన్న సంగతి.

"నొప్పి ఉంటుందా?"

"ఉంటుంది. తగ్గించడానికి మందులున్నాయట."

తాత కిటికీ వైపు చూస్తూ పడుకున్నాడు. పక్కమంచం మనిషి ఎవరితోనో ఫోనులో గట్టిగా మాట్లాడుతున్నాడు. ఆ మాటలు అయిపోయేదాకా ఈయన కదల్లేదు.

"నాకు భయంగా ఉందమ్మా" అన్నాడు.

డెబ్భై రెండేళ్ళలో ఆ మాట ఆయన భార్య వినలేదు, కొడుకు వినలేదు. భార్య చచ్చిపోయేటప్పుడు కూడా ఆమె ముందు కోపంగానే తిరిగాడు. మనవరాలికి ధైర్యం చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఏమీ కాదు తాతయ్యా, అందరూ ఉన్నాం కదా, అలాంటి మాటలు ఎన్ని లేవు. ఏదీ అనలేకపోయింది.

"నాకూ భయంగానే ఉంది తాతయ్యా."

ఆయన ఆమెను కాసేపు చూశాడు. తర్వాత ఒక చేత్తో కుట్లు అదిమిపట్టుకుని, మూలుగుతూ, మంచం మీద కొంచెం పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చాడు.