ఫిల్టరు మూత దగ్గర అత్తా నేనూ

మా అత్త, అంటే నా భార్య తల్లి, మా ఇంటికొచ్చి ఏడాది కావస్తున్నా నాతో నేరుగా మాట్లాడేది కాదు. కోపమేమీ లేదు. ఆరణి పక్కన వాళ్ళ ఊళ్ళో ఆ తరం ఆడవాళ్ళు అల్లుడి ముందు గొంతెత్తరు, ఎదురుగా కూర్చోరు. నాకు చెప్పాల్సింది, తాను పాపా అని పిలుచుకునే కూతురికి చెప్పేది. కూతురు ఇంట్లో లేకపోతే గోడకో, గ్యాసు పొయ్యికో, కిటికీలో వచ్చి కూర్చునే ఎదురింటి పిల్లికో చెప్పేది. "కాఫీ ఆరిపోతా ఉండాది" అని వంటింట్లోంచి వినబడితే అది నాకోసమే. వెళ్ళి తీసుకునేవాణ్ణి. నేనూ ఆ పద్ధతికి అలవాటుపడ్డాను. డ్యూటీకి వెళ్తూ, "ఈరోజు రావడం ఆలస్యమవుతుంది" అని గుమ్మంలో నా చెప్పులకు చెప్పి వెళ్ళేవాణ్ణి.

ఆమె మా దగ్గరికి రావడానికి కారణం నా కాలు. తిరువళ్ళూరులో మేం అద్దెకున్న ఇంటి మిద్దెమీద నీళ్ళ ట్యాంకు ఉంది. బోరు నీళ్ళు ఎక్కడం లేదేమని చూడబోయి, నిచ్చెన జారి కింద పడ్డాను. మడమ ఎముక విరిగింది. నా భార్య ఒక ల్యాబులో పనిచేస్తుంది. ఎన్నాళ్ళని సెలవు పెడుతుంది? అందుకని అత్త ఒక గుడ్డసంచీతో దిగింది. నేను మంచంలో ఉన్నన్నాళ్ళూ గంజి, మాత్రలు, మడిచిన తువ్వాలు పక్కనున్న స్టూలు మీద పెట్టి, మాట లేకుండా వెళ్ళిపోయేది. నేను లేచి నడిచి, ఫ్యాక్టరీలో పైపు ఫిట్టరుగా మళ్ళీ పనిలోకి వెళ్ళాక ఊరికి పోతానంది. కూతురు పోనివ్వలేదు.

వాషింగ్ మిషను కూడా ఆ రోజుల్లోనే కొన్నాం. ముందువైపు గుండ్రటి గాజు తలుపు ఉండే రకం. నా భార్యకు ఇంటిపనీ, ఉద్యోగమూ, నా సేవా కలిసి ఊపిరాడక కొన్నది. అత్త మాత్రం దాన్ని ముట్టుకునేది కాదు. తన చీరలు తానే పెరట్లో రాయి మీద ఉతుక్కునేది.

ఆడికృత్తిక పండగకు ముందురోజు జరిగింది ఇది. నా భార్య ట్రెయినింగు కోసం వేలూరు వెళ్ళింది. నాకు సెలవు. ఇంట్లో అత్తా, నేనూ. ఊరికే కూర్చోవడం ఎందుకని బట్టలు ఉతుకుదామనుకున్నాను. నా యూనిఫారాలు రెండు జతలు మిషన్లో వేశాను. స్నానాల గదిలో ఒక బక్కెట్టులో ఏదో గుడ్డ నానుతూ కనబడింది. ఉతకాల్సిందే అనుకుని, రంగు గమనించకుండానే దాన్నీ పిండి వేశాను. సబ్బుపొడి పోసి, తలుపు మూసి, బటను నొక్కాను. మంచిపని చేశాననుకుని పేపరు పట్టుకుని కూర్చున్నాను.

కాసేపటికి అత్త పెరట్లోంచి వచ్చింది. స్నానాల గదిలోకి తొంగిచూసి, ఆ తలుపుతో అంది.

"బక్కెట్లో చీర ఉండాల్నే. యాడ పోయిందో?"

"బక్కెట్లో ఉన్నది మిషన్లో వేసేశాను" అన్నాను పేపరుతో.

 తలెత్తి చూస్తే ఆమె మిషను ముందు నిలబడి ఉంది. గాజు వెనక బట్టలు తిరుగుతున్నాయి. నురుగు ఎర్రగా ఉంది! నా యూనిఫారాల్లో ఎరుపన్నది లేదు. గబుక్కున లేచాను. నేను దగ్గరికి వచ్చేసరికి ఆమె పక్కకు తప్పుకుని, కిటికీలో పిల్లివైపు తిరిగింది.

"రేపు తిరుత్తణికి కట్టుకోని పోవాల్సిన చీర. వేండుదల చీర. పొద్దున్నుంచి పసుపునీళ్ళలో నానబెట్టి ఉండినాను."

వేండుదల అంటే మొక్కు. ఆడికృత్తికకు తిరుత్తణి కొండకు కావడి మోసుకెళ్ళేవాళ్ళు పసుపుబట్టలే కడతారు.  వెంటనే ఆపుదామని బటను నొక్కబోయేలోగా మిషను తనంతట తానే ఆగింది. లోపలెక్కడో సన్నగా మూలిగింది, కీచుకీచుమని కూసింది. అద్దంలో సగానికి ఎర్రనీళ్ళు నిలబడిపోయాయి. ప్యానెలు మీద ఏవో అక్షరాలు మెరుస్తున్నాయి. తలుపు లాగాను. రాలేదు. ఆపి మళ్ళీ వేశాను. అదే మూలుగు. నీళ్ళు కదల్లేదు.

సర్వీసు సెంటరుకు ఫోను చేస్తే ఒకమ్మాయి తమిళంలో ఎంతో మర్యాదగా, రేపు పండగ గనక మనిషి ఎల్లుండి వస్తాడంది. ఆ మాట అత్తకు వినబడింది.  మిషను ముందు గచ్చు మీద కూర్చుని, గాజుకు చెయ్యి ఆనించి లోపలికి చూస్తూ ఉండిపోయింది. తిట్టినా బాగుండేదనిపించింది.

నేను పైపుల పనివాణ్ణి. ఫ్యాక్టరీలో ఏ పంపు నీళ్ళు తోయకపోయినా మొదట చూసేది దాని జల్లెడే. ఈ మిషన్లో నీళ్ళు తోసేదీ పంపే కదా అని అప్పటికి తట్టింది. ప్లగ్గు పీకేశాను. నీళ్ళకుళాయి కట్టేశాను. మిషను వెనక గొట్టం మడతపడిందేమో చూశాను, బాగానే ఉంది. ముందు కింద మూలగా ఒక చిన్న ప్లాస్టిక్ తలుపు ఉంటే, స్క్రూడ్రైవరు మొనతో తెరిచాను. లోపల గుండ్రటి మూత. అదే ఫిల్టరు. తొందరలో పట్టుకుని తిప్పేశాను.

నీళ్ళు ఒక్కసారిగా ఎగజిమ్మాయి. నా చొక్కా, గచ్చు, అత్త కూర్చున్న చోటు అన్నీ తడిసిపోయాయి.

"బిగించు నాయనా, బిగించు! ఇల్లంతా అయిపోతా ఉండాది!"

బిగించాను. బిగించాక ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆమె నాతో నేరుగా అన్న మొదటి మాట అదే. ఆమెకూ ఆ సంగతి తట్టినట్టుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కానీ లేచి పోలేదు. వంగి ఆ కంతలోకి చూసింది.

"ఆ మూత పక్కన సన్నగొట్టం ఒకటి ఉండాదే, అదెందుకు?"

నిజమే. మూత పక్కన వేలంత రబ్బరుగొట్టం, చివర బిరడాతో. నిండిన నీళ్ళు మెల్లగా తీయడానికే పెట్టారు దాన్ని. నేను చూడలేదు.

"దీంతోనే తియ్యాలత్తా. బక్కెట్టు తెస్తావా?"

"బక్కెట్టు దూరేదానికి సందు యాడుండాది? ఉండు."

ఆమె వంటింట్లోకి వెళ్ళి తాంబాళం ఒకటి, పులిహోర కలిపే వెడల్పు పళ్ళెం ఒకటి తెచ్చింది. బిరడా తీస్తే ఎర్రనీళ్ళు సన్నటి ధారగా తాంబాళంలోకి పడ్డాయి. అది నిండగానే నేను గొట్టం మడిచి పట్టుకోవాలి, ఆమె దాన్ని తీసి రెండోది జరపాలి, నిండినది స్నానాల గదిలో పారబోసి రావాలి. పిల్లితో చెబితే అయ్యే పని కాదు. "చాలత్తా", "జరుపు", "పట్టుకో నాయనా", "చూసి, తొణుకుతాది" అంటూ ఎన్ని పళ్ళేలు మోశామో లెక్కలేదు. ధార మాత్రం అంతే సన్నగా వస్తోంది.

ఊరికే ఉండలేక అడిగాను. "ఏం మొక్కత్తా ఇది? మీ అమ్మాయి కోసమా?"

పెళ్ళయి ఇన్నేళ్ళయినా మాకు పిల్లల్లేరు. అందుకేనేమో అనుకున్నాను.

ఆమె పళ్ళెం అంచు తుడుస్తూ చెప్పింది. "నీ కోసరమే. ఆసుపత్రిలో డాక్టరు, కుంటు నిలిచిపోవచ్చని పాప దగ్గర చెప్పినాడంట. పాప మిద్దెమీదకు పోయి ఏడస్తా ఉండె. నేను చూసి ఒక మాటా అనలే. తిరుత్తణి అయ్యకు అనుకుంటి. ఈ బిడ్డ నేరుగా నడిస్తే పూల కావడెత్తుకోని మెట్లెక్కి వస్తానని."

 స్టూలు మీద గంజి పెట్టి మాట లేకుండా వెళ్ళిపోయే మనిషి మనసులో ఇది నడుస్తోందని నేను ఊహించలేదు. పిల్లనిచ్చింది గనక చేస్తోంది, మంచాన పడి ఉన్నాను గనక చేయించుకుంటున్నాను అన్నట్టుండేది నాకు. ఇద్దరం గొట్టం సంగతి మరిచిపోయాం. తాంబాళం పొంగి ఆమె పాదాల మీదుగా నీళ్ళు పారాయి.

"కట్టు నాయనా, కట్టు!" అని నవ్వింది. ఆమె నవ్వు వినడం నాకు అదే మొదలు.

ధార ఆగిపోయాక ఫిల్టరు మూత నెమ్మదిగా విప్పి బయటికి లాగాను. జల్లెడ నిండా నల్లటి జిగురు. దాన్లో తలవెంట్రుకల ఉండ, జడపిన్నులు, ఒక చొక్కా గుండీ, సున్నపురాయిలాంటి తెల్లటి పెళ్ళలు. మా బోరునీళ్ళ ఉప్పు అది. కంతలోకి సెల్‌ఫోను లైటు వేసి చూస్తే పంపురెక్క కనిపించింది. దానికి అడ్డంగా నారింజరంగు ముక్క ఒకటి ఇరుక్కుని ఉంది. వేలితో లాగితే వచ్చింది. ఫ్యాక్టరీలో మోతకు చెవుల్లో పెట్టుకునే బిరడా. జేబులో మరిచిపోయింటాను.

"ఏందది?"

"చెవిలో పెట్టుకునేదత్తా. శబ్దం వినబడకుండా."

"బాగుండాది. మిషన్‌కి చెవుడొచ్చింది."

రెక్కను వేలితో తిప్పాను. అడ్డం లేకుండా తిరిగింది. ఆమె జల్లెడను పాత పళ్ళుతోమే బ్రష్షుతో కుళాయి కింద రుద్ది తెచ్చింది. మర చక్కగా పడిందో లేదో చూసుకుని మూత గట్టిగా బిగించాను. కుళాయి తెరిచి, ప్లగ్గు పెట్టి, మంచినీళ్ళతో ఒకసారి జాడించి పిండేలా పెట్టాను. ఇద్దరం చెవులొగ్గి నిలబడ్డాం. నీళ్ళు వెనక గొట్టంలోంచి బుడబుడమని పోతుంటే, నేను కొత్తగా వేసిన లైనులో మొదటిసారి నీళ్ళొచ్చినంత తృప్తిగా అనిపించింది.

తలుపు టక్కుమంది. చీర బయటికి తీశాను.  పసుపు కాదు, ఇటుకరంగు. అక్కడక్కడ మచ్చలు.

"చెడగొట్టేశానత్తా" అన్నాను.

ఆమె చీర తీసుకుని వెలుతురులో చూసింది. "చెడేదేముంది? పసుపుకి సున్నం తగిల్తే కుంకం అవుతాదా లేదా? సబ్బూ అంతే. పులుపు పడితే మళ్ళా పసుపే. పో, ఆ నిమ్మకాయలు పట్టుకరా."

బక్కెట్టు నీళ్ళలో నిమ్మకాయలు పిండింది. చీర ముంచి అటూ ఇటూ జాడించింది. చూస్తుండగానే ఎరుపు కరిగి, అడుగున పసుపు తేలి వచ్చింది. మర్నాటికి రంగు నిలుస్తుందో లేదోనని ఇంకొంచెం పసుపు కలిపి మళ్ళీ ముంచి, మిద్దెమీద నీడన ఆరేసింది. నా యూనిఫారాలకు మాత్రం పసుపు మరకలు నిలిచాయి. ఎండకు అవే పోతాయంది. పోయాయి కూడా, కొన్ని వారాలకు.

ఆ సాయంత్రం వేలూరు నుంచి నా భార్య ఫోను చేసింది. "అమ్మ ఏం చేస్తా ఉండాది మామా?" అనడిగింది. "నాతో మాట్లాడుతోంది" అన్నాను. ఆ మాట ఇంకోసారి చెప్పమంది.

మర్నాడు తెల్లవారుతూనే అత్తతోపాటు నేనూ రైలెక్కాను. రావద్దంది, మెట్లెక్కితే కాలు నొస్తుందంది. వినలేదు. తిరుత్తణి స్టేషను నుంచి కొండదాకా పసుపుబట్టల జనమే. డప్పులు, హరోహరా కేకలు. కొండకింద పూలకావడి భుజానికెత్తుకుని ఆమె ఎక్కుతుంటే నేను నీళ్ళ సీసాతో వెనక నడిచాను. సగం మెట్లకే నా మడమ సలపడం మొదలుపెట్టింది. ఆమె వెనక్కి చూసి, కావడి దించకుండానే పక్కకు ఒదిగి నిలబడింది, నేను ఊపిరి పీల్చుకునేదాకా.

దర్శనమయ్యాక మండపం నీడలో కూర్చున్నాం. విభూతి నా నుదుట పెట్టాలా వద్దా అని ఆమె కొంచెం తటపటాయించి, పొట్లం నా చేతిలోనే పెట్టింది. తర్వాత అడిగింది.

"పడేటప్పుడు భయమేసినాదా నాయనా?"

ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. ఎలా పడ్డావు, ఎక్కడ విరిగింది, ఎప్పుడు పనికెళ్తావు, ఇవే అందరూ అడిగింది. వేసిందని చెప్పాను. ఇప్పటికీ మిద్దెమీద నిచ్చెన చూస్తే అరచేతులు తడుస్తాయనీ, ఫ్యాక్టరీలో ఎత్తు పని వస్తే ఏదో వంక చెప్పి పక్కవాడికి ఇస్తున్నాననీ, ఇది నా భార్యకు కూడా చెప్పలేదనీ చెప్పాను. ఆమె సలహా ఏమీ ఇవ్వలేదు. "ఉంటాది. కొన్నాళ్ళుంటాది" అంది. కాసేపు అక్కడే కూర్చుని, లేచి మెల్లగా దిగాం.

ఇప్పుడు నెలకోసారి ఫిల్టరు విప్పుతాం. మిషను పని అయ్యాక తలుపు ఓరగా తీసి ఉంచడం, రబ్బరు మడతలో నీళ్ళు తుడవడం, సబ్బుపొడి తగ్గించి పోయడం మాకు అలవాటయ్యాయి. మిషన్లో వేసేముందు నా జేబులు తడిమే పని అత్త తీసుకుంది. దొరికినవన్నీ నా కంచం పక్కన పెడుతుంది. తన చీరలు మాత్రం ఇప్పటికీ రాయి మీదే ఉతుక్కుంటుంది. ఎందుకత్తా, మిషనుందిగా అంటే, "నాకు చేతులుండాయి కదా నాయనా" అని నా మొహం చూసే చెబుతుంది.