నల్లసిరా మీద ఎర్రముద్ర

రిటైర్మెంటుకు ఎనిమిది నెలలుందనగా, జూన్ మొదటి వారంలో, విశ్వవిద్యాలయం రిజిస్ట్రారు దగ్గర్నుంచి మా విభాగానికి ఒక సీలు వేసిన కవరు వచ్చింది. అప్పుడు నేను ప్రభుత్వ ప్రయోగశాలలో ప్రశ్నిత పత్రాల విభాగానికి అసిస్టెంట్ డైరెక్టరుని. ప్రశ్నిత పత్రం అంటే ఎవరో అనుమానించిన కాగితం. అది సంతకం కావచ్చు, వీలునామా కావచ్చు, దిద్దిన మార్కుల జాబితా కావచ్చు. ఈసారి వచ్చినవి నిజాం కాలం నాటి తపాలా బిళ్లలు, ఐదు. వాటితో పాటు ఒకే ఒక్క ప్రశ్న: “ఇవి అసలైనవా, నకిలీవా?”

మా వృత్తిలో ఒక నియమం ఉంది. అడిగిన దానికే జవాబు చెప్పాలి, అడగనిది చెప్పకూడదు. ఇరవై తొమ్మిదేళ్లు ఆ నియమాన్ని గొప్ప సుగుణంగా మోశాను.

పని తేలికే. ఆ బిళ్లల మీద ఉర్దూలో ‘సర్కారీ’ అని ఎర్రటి అచ్చు ఉంది. మామూలు బిళ్లనే ప్రభుత్వ ఉత్తరాలకు వాడేందుకు అప్పట్లో అలా పైన అచ్చు వేసేవారు. మామూలు బిళ్లలు ఇప్పటికీ దొరుకుతాయి. ‘సర్కారీ’ ఉన్నవాటిలో కొన్ని అరుదు, కాబట్టి ఖరీదు. మోసగాడికి ఇంతకంటే సులువైన దారి ఉండదు. బిళ్లను తయారు చేసే శ్రమ లేదు, చవకగా కొని పైన ఒక్క మాట అచ్చు వేస్తే చాలు.

మైక్రోస్కోపు కింద పెట్టగానే తెలిసిపోయింది. ‘సర్కారీ’ అచ్చు ముందు పడాలి. ఆ బిళ్ల ఉత్తరం మీద అంటించాక, తపాలా ఆఫీసు కొట్టే నల్లముద్ర తర్వాత పడాలి. అంటే నలుపు పైన, ఎరుపు కింద ఉండాలి. ఇక్కడ ఎర్రసిరా నల్లముద్ర గీతల మీదుగా దర్జాగా నడిచి వెళ్లింది. వాడేసిన బిళ్లకు తర్వాతెప్పుడో ‘సర్కారీ’ తగిలించారన్నమాట. పైగా ఐదింటి మీదా ఒకే అక్షరం ఒకే చోట విరిగి ఉంది, బిళ్లలు వేర్వేరు కాలాలవైనా. అంటే ఐదింటికీ ఒకే దిమ్మతో అచ్చు వేశారు. అతినీలలోహిత దీపం కింద ఆ ఎరుపు నారింజ రంగులో వెలిగింది. నిజాం కాలపు సిరా అలా వెలగదు.

‘పైఅచ్చు నకిలీ’ అని రాసి, సంతకం చేసి, సీలు వేసి పంపించాను. అరపూట పని.

జూలై ఆఖరి ఆదివారం పొద్దున తార్నాకలో మా ఇంటి గేటు దగ్గరికి ఒకాయన వచ్చాడు. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, వేళ్లకు ఎండిన జిగురు. పేరు యాదగిరి అన్నాడు, విశ్వవిద్యాలయం మ్యూజియంలో బైండరు, ఉండేది సీతాఫల్‌మండిలో. నా పేరు నివేదిక కింద చూసి, ఇల్లు వాకబు చేసుకుంటూ వచ్చాడట. నిబంధన ప్రకారం కేసుతో సంబంధమున్న మనిషితో నేను మాట్లాడకూడదు. ఆ మాటే చెప్పాను.

“మాట్లాడకుండ్రి మేడం, నేను చెప్తా, మీరు ఇనుండ్రి,” అన్నాడు. “మీరు రాసిన కాయితం పెట్టి నన్ను సస్పెండ్ చేసిన్రు.”

విషయం ఇది. ఆ ఐదు బిళ్లల్ని మ్యూజియం బాధ్యుడు ప్రొఫెసర్ మార్కండేయులు ఆన్‌లైనులో కొన్నారు. అట్టకు అతికించి అద్దాల పెట్టెలో పెట్టింది యాదగిరి. ఎవరో బిళ్లల సేకరణకర్త చూడటానికొచ్చి ఇవి నకిలీవన్నాడు. ప్రొఫెసరుగారు వెంటనే ఒక సిద్ధాంతం కనిపెట్టారు: తాను కొన్నవి అసలైనవే, అతికించేటప్పుడు బైండరు వాటిని మార్చేసి అసలువి అమ్ముకున్నాడు. దానికి రుజువేమిటి? నా నివేదిక.

“నకిలీవని రాసిన్రు. అయ్యే గావచ్చు, నాకేం ఎరుక. గానీ యాదగిరి మార్చిండని రాసిన్రా మీరు?”

“లేదు. నేనట్ల రాయలేదు.”

“మరి మార్చలేదని గూడ రాయుండ్రి.”

“నన్ను అది అడగలేదప్పా,” అన్నాను. అనంతపురం నుంచి వచ్చి ముప్పై ఏళ్లయినా, ఇబ్బందిలో పడితే నా నోట ఊరి మాటే వస్తుంది.

“అడగకుంటే చెప్పరా మేడం? ముప్పై ఏండ్లాయె నేను గాడ పనిచేయవట్టి. ఒక్క కాయితం చింపలే. ఇయ్యాల బస్తీల దొంగ యాదగిరి అంటున్నరు.” అరవలేదు, ఏడవలేదు. గేటు మూసి మరీ వెళ్లిపోయాడు. కనీసం కూర్చోమని కూడా అనలేదు నేను. నియమం మరి.

ఆ రోజంతా నా మీద నాకే రోత పుట్టింది. మార్కండేయులుగారి మీద అంతకంటే ఎక్కువ పుట్టింది, అబద్ధమెందుకు.

పంపించిన నివేదికను నాకు నేనుగా తిరగరాసే అధికారం లేదు. కొత్త ప్రశ్నతో కొత్త లేఖ రావాలి. సోమవారం మా డైరెక్టరుగారి అనుమతి తీసుకుని రిజిస్ట్రారుకు ఉత్తరం రాశాను. బిళ్లలు మారాయో లేదో తేల్చవచ్చు, అందుకు కొనుగోలు ఫైలు, అమ్మకందారు వెబ్‌సైటులో పెట్టిన ఫొటోలు కావాలి, అని. రిజిస్ట్రారు మర్యాదస్తుడు. ఆ ప్రశ్న అడుగుతూ లేఖ, ఫొటోలు పంపించి, ఆగస్టు రెండో వారంలో నన్నే క్యాంపస్‌కు రమ్మన్నారు.

ఆయన గదిలో మార్కండేయులుగారు ముందే కూర్చుని ఉన్నారు. ఉతికిన ఖాదీ లాల్చీ, చేతిలో ఫైలు, మొహంలో ఒక జాతి సంపదను పోగొట్టుకున్న దుఃఖం.

“ఫొటోల్లో ఏం తెలుస్తుంది మేడం? అయినా ఆ సెల్లర్ ఫైవ్ స్టార్ సెల్లర్. రివ్యూలన్నీ ఎక్సలెంట్,” అన్నారు.

చెప్పుల జత కొనేవాడు ఆ మాటంటే నవ్వి ఊరుకుంటాం. చరిత్ర బోధించే ఆచార్యుడు అన్నాడు. పార్సెలు త్వరగా పంపాడనీ, అట్టపెట్టె గట్టిగా ఉందనీ జనం వేసిన చుక్కల్ని ఆయన ప్రామాణికతకు ఆధారంగా తీసుకున్నాడు.

ఫొటోల్లో ఏం తెలుస్తుందో చూపించాను. తపాలా బిళ్ల అంచున చిల్లుల వెంట చింపగా మిగిలే పళ్లు ఏ రెండు బిళ్లలకూ ఒకేలా ఉండవు. ఒకదానికి మూల పన్ను పొట్టిగా ఉంటుంది, ఇంకోదానికి పీచు వేలాడుతుంది. చేత్తో కొట్టిన తపాలా ముద్ర కూడా ఏ రెంటి మీదా ఒకే చోట పడదు. అమ్మకందారు ఫొటోల్ని పారదర్శక కాగితం మీద అచ్చు తీసి, మ్యూజియంలోని బిళ్లల ఫొటోల మీద అదే కొలతలో పరిచాను. పన్నుకు పన్ను సరిపోయింది. ముద్ర గీతకు గీత కలిసింది, ఐదింటికీ.

“అంటే?” అన్నారు రిజిస్ట్రారు.

“వచ్చినవే ఇవి. ఎవరూ మార్చలేదు. నకిలీవే అమ్మారు, నకిలీవే కొన్నారు,” అన్నాను. ఫొటోను పెద్దది చేసి చూపించాను. నలుపు మీద ఎరుపు అందులోనే కనబడుతోంది. కొనేముందు ఫోను తెర మీద రెండు వేళ్లతో జరిపి చూస్తే ప్రొఫెసరుగారికీ కనబడేది.

ఫైలులో అమ్మకందారు వర్ణన కూడా ఉంది. ‘అత్యంత అరుదైనవి’ అన్న పైవాక్యం కింద మార్కండేయులుగారు పసుపు రంగు పూశారు. అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న ఆఖరి వాక్యానికి పూయలేదు. దాన్ని పైకి చదవమన్నాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని చదివారు: ఇవి పరిశీలన నిమిత్తం నమూనాలుగా మాత్రమే, నిపుణుల ధ్రువీకరణ లేదు, వాపసు తీసుకోబడవు. ఈ వ్యాపారంలో ‘నమూనా’ అంటే నకిలీ అని అమ్మేవాడు మర్యాదగా ఒప్పుకోవడం. దొంగ నిజమే రాశాడు. చదువుకున్నాయన చదవలేదు.

“అది స్టాండర్డ్ డిస్‌క్లెయిమర్ మేడం, అందరూ పెడతారు…” అన్నారు.

“యాదగిరిని దొంగ అని రాసేముందైనా చదవాల్సింది సార్,” అన్నారు రిజిస్ట్రారు. ఆ గదిలో ఆ రోజు గట్టిగా పలికిన మాట అదొక్కటే.

ఈసారి నివేదిక నాలుగు పేజీలు రాశాను. పది రోజుల్లో సస్పెన్షన్ ఎత్తేశారు. ఉత్తర్వులో ‘పునఃపరిశీలన మీదట’ అని ఉంది, ‘పొరపాటు’ అన్న మాట లేదు. మార్కండేయులుగారు క్షమాపణ చెప్పలేదు. ఆన్‌లైను కొనుగోళ్లకు మార్గదర్శకాలు తయారు చేసే కమిటీకి ఆయన్నే అధ్యక్షుణ్ని చేశారని తర్వాత విన్నాను. ఎవరికీ నవ్వు రాలేదట.

సెప్టెంబరులో తార్నాక కూరగాయల బండి దగ్గర యాదగిరి ఎదురయ్యాడు. మళ్లీ డ్యూటీలో చేరారా అని అడిగాను.

“చేరిన మేడం. మ్యూజియంల వద్దన్న, లైబ్రరీకి ఏయించుకున్న.” బండివాడికి సంచీ అందిస్తూ, “గా దొంగ అన్నోళ్లు ఇప్పుడు నమస్తే అన్నా అంటున్నరు. నేనే పలుకుతలే,” అన్నాడు. నాకు మాత్రం నమస్తే చెప్పాడు. ఆ రోజు గేటు దగ్గర నిలబెట్టి మాట్లాడినందుకు నన్ను మన్నించమన్నాను. “మీరు మల్ల రాసిన్రు గదా,” అని సంచీ అందుకుని వెళ్లిపోయాడు.

పాత బిళ్లలు ఆన్‌లైనులో కొనాలనుకునే వారు నన్ను తరచూ అడుగుతుంటారు. చెప్పేది కొంచెమే. వెనకవైపు ఫొటో కూడా అడగండి, ఇవ్వకపోతే వదిలేయండి. ఏ సిరా మీద ఏ సిరా ఉందో పెద్దది చేసి చూడండి. వర్ణనను కిందనుంచి పైకి చదవండి. కొన్న రోజు ఫొటోల్ని దాచుకోండి, అవి అమ్మినవాడి మీదే కాదు, మీ ఇంట్లో పనిచేసే అమాయకుడి పక్షాన కూడా సాక్ష్యం చెప్తాయి.

ఇక నా సంగతి. తర్వాత సర్వీసులో మిగిలిన నెలల్లో ఏ లేఖ వచ్చినా, నా జవాబు ఎవరి మీద పడుతుందో కనుక్కోకుండా సంతకం పెట్టలేదు. అంతకుముందు ఇరవై తొమ్మిదేళ్లు పెట్టాను. అన్నీ సరైన జవాబులే. వాటితో ఎవరెవరిని ఏమేం చేశారో నాకు తెలియదు.