అన్నం తగ్గించిన ఇల్లు

ఆ రోజుల్లో మా గోదావరిఖనిలో బక్కపలచని మనిషి ఎదురైతే ముందు జాలిపడేవారు, ఆ తర్వాతే పలకరించేవారు. "ఏంది బిడ్డా, పానం బాగలేదా? ఇంట్ల ఎవలు వండుతున్నరు?" అని ఆరా తీసేవారు. అదే కాస్త ఒళ్లు చేసినవాడు కనిపిస్తే, వాడి ఉద్యోగం పర్మినెంటు అయిందనీ, ఇంట్లో సుఖంగా ఉన్నాడనీ, దేవుడు చల్లగా చూస్తున్నాడనీ ఎవరూ చెప్పకుండానే అర్థం చేసుకునేవారు. ఆ లెక్కన దేవుడు మా ఇంటిని మరీ చల్లగా చూశాడు. (మా ఇల్లంటే మా అక్క ఇల్లు. గని కార్మికులకిచ్చే రెండు గదుల క్వార్టర్. అందులో అక్క, బావ, వాళ్ల ఒక్కగానొక్క కూతురు, నేను. ఉన్నది నలుగురమే అయినా అందరం ఒకేసారి గుమ్మంలో నిలబడితే ఆరుగురం ఉన్నట్టు కనిపించేవాళ్లం.)

మాది కమాన్‌పూర్ దగ్గర ఒక చిన్న ఊరు. వానలు పడని ఏడాది జొన్న గట్క కూడా ఒక పూటే దొరికేది. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. తన గిన్నెలోది నా గిన్నెలోకి వంచి, "నాకు కడుపు నొస్తుంది తమ్మీ, నువ్వు తిను" అనేది. ఆమెకు ఏనాడూ కడుపు నొప్పి లేదని నాకు తెలిసేసరికి నాకు మీసాలొచ్చాయి. బావకు బొగ్గుబాయిలో పని దొరికాక మా ఇంట్లో మొదటిసారి రోజూ బియ్యం ఉడికాయి. భూమి లోపల పారతో బొగ్గు ఎత్తి టబ్బులు నింపడం ఆయన పని. షిఫ్టు దిగి వచ్చాక పళ్లెంలో గుట్టగా పోసుకుని తినేవాడు. మర్నాడు అదంతా చెమటగా పోయేది. అక్క ఎదురుగా కూర్చుని, ఆయన తింటుంటే కళ్లు ఆర్పకుండా చూసేది. అంత తృప్తి నేను మళ్లీ ఎవరి ముఖంలోనూ చూడలేదు.

ఒకరోజు గని పైకప్పు నుంచి పెళ్ల ఊడిపడి బావ భుజం దెబ్బతింది. భుజం నయమైంది గాని పార పట్టే బలం రాలేదు. గని పైన గేటు దగ్గర స్టూలు మీద కూర్చునే డ్యూటీ ఇచ్చారు. నాకు అప్పటికే లాంపు రూంలో పని. బాయిలోకి దిగేవాళ్లకు టోపీ దీపాలు అందివ్వడం, పైకొచ్చాక తీసుకోవడం. మా ఇద్దరికీ చేతులు కదిలేవి, కాళ్లు కదిలేవి కావు. పని మారినా అక్క వడ్డన మారలేదు. మధ్యలో చక్కెర దండిగా వేసిన చాయ్‌లు, సాయంత్రం బజారులో మిర్చి బజ్జీలు, ఆదివారం నూనె తేలే మాంసం కూర. చూస్తుండగానే బావకు మెడ మాయమైంది. నాకు గడ్డం కింద ఇంకో గడ్డం వచ్చింది. దర్జీ టేపు నా నడుము చుట్టూ తిప్పి, చివర అందక, "జర ఊపిరి వట్టు అన్నా" అన్నాడు. "పట్టే ఉన్న" అన్నాను. అందులో అబద్ధం లేదు.

మా మేనకోడల్ని అందరూ 'గుమ్మడి' అని ముద్దుగా పిలిచేవారు. వచ్చినవాళ్లంతా బుగ్గలు గిల్లి, "ఎంత ముద్దుగున్నది పిల్ల!" అని పోయేవారు. అక్క పొంగిపోయి ఇంకో వెన్నముద్ద నోట్లో పెట్టేది. ఆ పిల్ల మాత్రం వాడలో పిల్లలు ఉరుకులాట ఆడుతుంటే గడప మీద కూర్చుని వాళ్ల చెప్పులకు కాపలా కాసేది. అది ఆ పిల్లకు ఇష్టమైన పనేమో అనుకున్నాం.

ఆ ఏడు గనుల మధ్య ఆటల పోటీల్లో తాడు లాగుడుకు మా గనివాళ్లు ఏరికోరి మా బావనూ నన్నూ జట్టులో చేర్చుకున్నారు. బావను తాడు చివర నిలబెట్టి, కొసను ఆయన నడుముకు చుట్టారు. ఆయన ముందు నేను. (జీవితంలో నా బరువుకు దక్కిన ఏకైక గౌరవం అదే.) ఈల మోగింది. మేము పెద్దగా లాగలేదు, వెనక్కి వాలామంతే. అవతలి జట్టు గడ్డిలో ఈడ్చుకుంటూ వచ్చి మా కాళ్ల దగ్గర పడింది. మైదానమంతా ఈలలు, కేకలు. బావ నేల మీద కూలబడి లేవలేదు. "ఇగ లేపాల్నంటే క్రేను దేవాలె!" అని ఎవరో అరిచారు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఆయన నవ్వలేదు. ముఖం బూడిద రంగుకు తిరిగింది. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. "బామ్మర్దీ... గుండె మీద బండ వెట్టినట్టున్నది" అన్నాడు.

స్ట్రెచర్ తెచ్చారు. నలుగురు ఎత్తబోతే లేవలేదు. ఇంకో ఇద్దరు పట్టారు. నేను తలవైపు ఒక కొస పట్టుకున్నాను. మైదానం గేటు దాటకముందే నా కళ్లకు చీకట్లు కమ్మాయి. నన్ను పెంచిన అక్క పెనిమిటి ప్రాణం నా చేతిలో ఉంది, ఆ చేతికి బలముంది, లోపల ఊపిరే లేదు. మరొకతను నన్ను పక్కకు నెట్టి కొస అందుకున్నాడు. దవాఖాన మెట్ల మీద ఒగరుస్తూ కూలబడ్డ నన్ను చూసి డాక్టరు, "ఈయనా పేషెంటేనా?" అని అడిగాడు. కంపౌండరు, "కాదు సార్, మోస్కచ్చినోడు" అన్నాడు.

బావ బతికాడు. అది గుండెపోటని, రక్తపోటు కూడా బాగా ఎక్కువుందని, మూత్రంలో చక్కెర కనిపించిందని డాక్టరు చెప్పాడు. కోస్తా వైపు మనిషి, మెల్లగా మాట్లాడేవాడు. "అమ్మా, ఆయన పని మారింది, తిండి మారలేదు. ఖర్చు కానిదంతా ఒంట్లో నిలవైంది. ఆ బరువంతా గుండె మోయలేకపోయింది. అన్నం తగ్గించండి, నూనె తగ్గించండి, చక్కెర మానెయ్యండి. కొంచెం కోలుకున్నాక మెల్లగా నడిపించండి. మీ తమ్ముడికీ ఇదే మందు" అన్నాడు. తర్వాత అక్క కొంగు పట్టుకుని నిలబడ్డ పిల్లను చూసి ఆగాడు. "పాపను ఆడుకోనివ్వండి. ఇప్పుడు జాగ్రత్తపడితే పెద్దయ్యాక ఈ బాధ తప్పుతుంది."

అక్క తల ఎత్తింది. "ఆకలికి సచ్చెటోళ్లను సూసిన గాని, అన్నం తిని సచ్చెటోళ్లను సూడలె సారూ."

"నేను చూస్తున్నానమ్మా" అన్నాడాయన.

ఇంటికొచ్చాక అక్క ఆ డాక్టరును చాలా తిట్టింది. "నా చేతి అన్నం మీద మన్ను వోసిండు" అని ఏడ్చింది. బావ మొదటిసారి పీట మీద కూర్చుని తిన్న రోజు, ఎప్పటిలాగే రెండో గంటె వెయ్యబోయింది. ఆయన పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. మా ఇంట్లో ఆ పని అంతకుముందు ఎవరూ చెయ్యలేదు.

"నాకూ యాదికున్నయే గా ఆకలి రోజులు" అన్నాడు బావ. "గాని గా తాడు ఇడిసి పడ్డప్పుడు ఆకలి యాదికి రాలె. బిడ్డ యాదికచ్చింది. దీని పెండ్లి సూడకుంటనే పోత గావచ్చు అనుకున్న."

"గట్లనకు" అంది అక్క.

"అన్నం తక్కువ పెడితే నా మీద నీ పాయిరం తక్కువైతదా?"

అక్క గంటెను గిన్నెలో పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. మర్నాడు ఎసట్లో బియ్యం తక్కువ పోసింది. క్వార్టర్ వెనక స్నానం నీళ్లు పారే చోట బీర, తోటకూర వేసింది. కూర ఎక్కువ, అన్నం తక్కువ. వెన్నముద్దలు ఆగిపోయాయి. పిల్లను పట్టుకుని "తిను, తిను" అనడం మాని "పో, ఆడుకో" అనడం మొదలుపెట్టింది. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు పిల్ల నమ్మలేక తల్లి ముఖంలోకి చూసి, గడప దాటి ఒక్క ఉరుకు ఉరికింది. చెప్పుల కాపలా ఇష్టమై కాదని అప్పుడు తెలిసింది మాకు.

నడక మాత్రం కష్టమైంది. ఒళ్లు నొప్పులవల్ల కాదు, జనం వల్ల. ఆ కాలంలో పని లేకుండా ఎవరూ నడిచేవారు కాదు. నేనూ బావా మెల్లగా రోడ్డు మీద పోతుంటే ఎదురైన ప్రతివాడూ ఆగి, "ఏమైంది? ఎవలన్న పోయిండ్రా?" అని అడిగేవాడు. ఒకాయన సైకిలు దిగి, "ఎక్కు కాకా, దింపుత" అని పట్టుబట్టాడు. ఇంకొకామె సరాసరి అక్క దగ్గరికి వెళ్లి, "మొగోళ్లనిద్దర్ని ఇంట్లకెల్లి ఎల్లగొట్టినవా?" అని నిలదీసింది. చివరికి బావ ఒక ఉపాయం కనిపెట్టాడు. చేతిలో ఖాళీ కిరసనాయిలు డబ్బా పట్టుకున్నాడు. ఇక ఎవరూ అడగలేదు. (ఆ డబ్బా మాతో ఎన్ని ఊళ్లు తిరిగినంత దూరం నడిచిందో! నూనె చుక్క మాత్రం చూడలేదు.)

ఒళ్లు ఒక్కరోజులో రాలేదు, ఒక్కరోజులో పోలేదు. మధ్యలో బజ్జీల వాసనకు మా కాళ్లు తడబడ్డ సాయంత్రాలూ ఉన్నాయి. అయినా మెల్లమెల్లగా బావకు మళ్లీ మెడ కనిపించింది. ఆయన ఆ దెబ్బతిన్న గుండెతోనే చాలా ఏళ్లు ఉన్నాడు. కూతురి పెళ్లి చూశాడు. పందిట్లో భోజనాల బంతి మధ్య నిలబడి, "కడుపు నిండ తినుండ్రి, గాని ఎవలనూ బలవంతం జెయ్యకుండ్రి" అని వడ్డించేవాళ్లకు చెబుతుంటే అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత కొన్నేళ్లకు ఆయన నిద్రలోనే వెళ్లిపోయాడు.

నాకు ఇప్పుడు ఒంట్లో బరువు లేదు గాని, మోకాళ్లు ఆ పాత బరువును ఇంకా మరిచిపోలేదు. కుర్చీలోంచి లేచేటప్పుడల్లా మూలుగుతాయి. అప్పటి నేనైన ఆ రెండు గడ్డాల పాతికేళ్ల కుర్రాడి మీద నాకు కోపం రాదు. వాడు ఒకప్పుడు ఆకలితో పడుకున్నవాడు. ఆపైన కడుపు నిండడమే ఆరోగ్యమనుకుని, మైదానం మధ్యలో అంత గర్వంగా నిలబడ్డాడు పాపం. ఇప్పుడు ఎదురైతే వాణ్ణి ఏమీ అనను. రెండు మాటలు మాట్లాడుకుంటూ, వాడికి ఆయాసం రాకుండా, కాస్త దూరం పక్కన నడుస్తాను.