తెల్లగౌను మీద బొగ్గునీళ్ళు

నా చిన్నప్పుడు గోదావరిఖనిలో మా క్వార్టరు వెనుక నల్లా కింద నీళ్ళు రెండు రంగుల్లో పారేవి. నల్లాలోంచి తెల్లగా దిగి, బొగ్గుబాయిలో, అంటే గనిలో, పనిచేసే నాన్న డ్యూటీ బట్టల్ని తడిపి, మబ్బునీడలా నల్లగా, మెల్లగా మోరీలోకి జారిపోయేవి. మెట్టు మీద కూర్చుని ఆ మబ్బుని చూస్తూ నేను బడి సంగతే మరిచిపోయేదాన్ని.

బుధవారాలు బడికి మాకు తెల్లగౌను. ఒక బుధవారం అమ్మ నాన్న చొక్కాని బండకేసి కొడితే చుక్కలు నా గౌను మీద పడ్డాయి.

"ఛీ, గలీజు బొగ్గునీళ్ళు! పారెయ్యరాదే ఈ బట్టలు!" అని అరిచాను.

"గా బొగ్గుతోనే నీ గౌనొచ్చింది మహారాణీ" అంది అమ్మ.

వెనక్కి తిరిగితే నాన్న. నైట్ షిఫ్టు దిగి అప్పుడే వచ్చాడు. రోజూ రాగానే నన్ను ఎత్తుకునే మనిషి, ఆ పొద్దున రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, నా గౌను తగలకుండా పక్కకు ఒదిగి లోపలికి వెళ్ళిపోయాడు. మర్నాడూ అంతే. నాన్న ఇంక నన్ను ఎత్తుకోడేమోనన్న బెంగతో నాకు అన్నం కూడా దిగలేదు.

శుక్రవారం పక్కింటి అక్క ఉతుక్కోవడానికి మా నల్లా దగ్గరికి బట్టలు తెచ్చుకుంది. దవాఖానలో నర్సు తను. వాళ్ళింట్లో గులాబీలు పట్టుకున్న ఒక కన్యాస్త్రీ పటం ఉండేది. అంత జాగా ఉండగా, అక్క బట్టలుతుకుతున్న అమ్మకు ఎదురుగా, చుక్కలు పడేచోటే కూర్చుంది.

"జరుగక్కా, మొఖమంత నల్లగైతాంది" అన్నాను.

అక్క నవ్వి నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ పటంలోని పునీతురాలు చిన్న తెరేజమ్మ కథ చెప్పింది. కన్యాస్త్రీల మఠంలో బట్టలుతికేటప్పుడు ఎదుట కూర్చున్న తోటి సోదరి మురికినీళ్ళు ఆమె ముఖం మీద చిందించేదట. వెనక్కి జరిగి ముఖం తుడుచుకోవాలని ప్రాణం లాగినా, ఆ సోదరి చిన్నబుచ్చుకుంటుందని ఆమె కదల్లేదట. పోనుపోను ఆ చుక్కల్ని ఎవరో ఇచ్చిన కానుకలనుకుందట.

"పెద్దపెద్ద పనులు మనతోని యాడైతయి చెల్లె? గిట్ల మొఖం తిప్పుకోకుంట కూసుంటే సాలు" అంది అక్క.

నేను బకెట్లోంచి నాన్న చొక్కా లాగి రుద్దడం మొదలుపెట్టాను. నీళ్ళు కళ్ళలోకి, నోట్లోకి చిందాయి. సబ్బు, మట్టి, చెమట కలిసిన వాసన. అంతలో నాన్న వచ్చి నిలబడిపోయాడు.

"ఏందిర బిడ్డా, బాయిల దిగచ్చినవా?"

తడిచేతులు పైకి చాపాను. నాన్న తన అరచేతులు ఒకసారి చూసుకున్నాడు. తరువాత నన్ను ఎత్తుకున్నాడు.

ఇప్పుడు నాకో కొడుకు. నాకు దుమ్మంటే భయం, వాడికి జ్వరమొస్తుందేమోనని భయం; వాడి చేతులు రోజుకు ఎన్నిసార్లు కడుగుతానో నాకే తెలియదు. అయినా పప్పన్నం మెత్తుకున్న ఆ చేతులతో వాడు నా చెంపలు పట్టుకున్నప్పుడు మాత్రం, వాడంతట వాడు వదిలేదాకా కదలకుండా కూర్చుంటాను.