ఒళ్ళో సైకిల్ సీటు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, టీచరుగా చేరడానికి గుంటూరు నుంచి మహబూబ్‌నగర్ వెళ్తున్నాను. కల్వకుర్తిలో బస్సెక్కి నా పక్కన కూర్చున్న, తెల్లచీర కట్టిన ఆస్పత్రి నర్సమ్మ ఒళ్ళో సైకిల్ సీటు ఉంది. సైకిలు బస్సుపైన కట్టారు. ఆడవాళ్ళు సైకిలెక్కడం నేనెన్నడూ చూడలేదు. ఉండబట్టలేక, సీటెందుకు విప్పారని మెల్లగా అడిగాను.

"కడుపు కట్టుకొని మొదలు కొన్న సైకిల్, పట్నంల దవాఖాన ముంగట ఎత్కపోయిండ్రు బిడ్డా. ఆడిదానికి సైకిలేంది, పోతె పోయిందని చూసినోళ్ళు నవ్విండ్రు. సీటు లేకుంటె ఎవ్వరు తొక్కుకపోరని ఇప్పిన. గిది గూడ పోతె నేను ఊర్లకెట్ల పోవాలె?"

"సీటుకు గూడ టికెట్ కొట్టాల్నా సిస్టరమ్మా?" అన్నాడు కండక్టర్. అందరికంటే ముందు ఆమే నవ్వింది.

ఆమె దిగే మలుపు దగ్గర ఒకాయన బస్సుకు ఎదురు పరుగెత్తుకొచ్చాడు. "జల్ది రాండ్రి సిస్టరమ్మా! నా బిడ్డకు పొద్దటి సంది నొప్పులస్తున్నయ్, కాన్పయితలేదు."

సైకిల్ దించారు. సీటు బిగించేంత వ్యవధి లేదు. దాన్ని ఆయన చేతిలో పెట్టి, "పట్టుకొని ఎన్క రా" అంటూ ఆమె చీర కుచ్చిళ్ళు దోపుకుంది. పెడళ్ళ మీద నిలబడే తొక్కుకుంటూ బాటలోకి దూసుకుపోయింది.

జొన్నచేల మధ్య ఆ తెల్లచీర కనుమరుగయ్యేదాకా కండక్టర్ 'రైట్' అనలేదు.