గుసగుస పరీక్ష

నా చిన్నప్పుడు మా గరివిడి వీధిలో విమానం ఎక్కిన మనిషి పక్కింటి అక్క ఒక్కతే. విమానంలో ప్రయాణికులకు నీళ్ళూ భోజనమూ అందించే ఉద్యోగం ఆమెది. తండ్రి లేని ఆ ఇల్లు ఆ ఉద్యోగం మీదే నిలబడింది.

ఒకసారి జలుబుతోనే డ్యూటీకి వెళ్ళింది. విమానం కిందికి దిగుతుండగా ఎడమ చెవిలో ఏదో తెగినట్టయిందట. కంపెనీ డాక్టరుకు చెబితే ఇక ఎగరనివ్వరేమోనని భయపడి, సెలవు పెట్టి ఇంటికొచ్చేసింది. వాళ్ళమ్మ నువ్వుల నూనెలో వెల్లుల్లి రెబ్బలు కాచి, గోరువెచ్చగా ఆ చెవిలో పోసింది. చెవిపోటుకు మా వైపు అందరూ చేసేది అదే.

పది రోజుల్లో ఏటా జరిగే వైద్యపరీక్ష ఉంది. డాక్టరు వెనక నిలబడి గుసగుసగా మాటలు పలుకుతారట, విని తిరిగి చెప్పాలట. అక్క నన్ను పిలిచి పెరట్లో సాధన మొదలుపెట్టింది. కుడి చెవి వేలితో మూసుకుని గోడవైపు తిరిగి కూర్చునేది. నేను వెనక నుంచి రైలు స్టేషన్ల పేర్లు గుసగుసగా చెప్పాలి. మొదటిరోజు పొందూరు అంటే పలకలేదు. చీపురుపల్లి అన్నా పలకలేదు. ఆమె మెడ బిగుసుకోవడం చూసి నాకు ఏడుపొచ్చింది. మూడోసారి కాస్త గట్టిగా అన్నాను.

"సిగడం," అంది నవ్వుతూ.

ఆ తర్వాత రోజూ కొంచెం కొంచెంగా గొంతు పెంచాను.

"నిన్నట్లాగే సెప్పినావేటే?"

"నిన్నట్లాగే అక్కా."

"అయితే తగ్గిపోతన్నాది. ఇంక డాక్టరెందుకు?"

పరీక్షలో ఎడమ చెవికి ఒక్క మాటా అందలేదు. చెవిపొర చిరిగిందనీ, మొదట్లోనే వచ్చుంటే అతుక్కునేదనీ, నూనె పోయడంతో లోపల చీము పట్టిందనీ చెప్పారట. విమానం పనికి పనికిరావని రాసిచ్చారు.

ఆమె తిరిగొచ్చాక, కావాలనే గట్టిగా చెప్పానని ఏడుస్తూ ఒప్పుకున్నాను. అక్క యూనిఫారం మడతపెడుతూ నా వైపు చూడకుండానే అంది.

"నాకు తెల్దనుకున్నావేటే? రెండోరోజే తెలిసింది. సిన్నగా సెప్పమని అడగడానికి భయమేసింది. నువ్వంటే సిన్నపిల్లవి. నాకేటొచ్చింది?"

ఆ మాటకు నాకు ఊరట కలగాలి. కలగలేదు. ఇద్దరం కలిసి, ఒకరి మనసు ఒకరు నొప్పించకుండా, ఆ చెవిని పోగొట్టాం. అప్పటినుంచి ఎవరినీ మాటతో ఊరడించడం నాకు చేతకాదు.

మొన్న అమ్మ తలుపు వేసి వచ్చి, నా చెయ్యి పట్టుకుని తన రొమ్ము పక్కన పెట్టింది.

"ఏటీ లేదు కదే?"

వేళ్ళకు చిన్న గడ్డ తగిలింది. లేదని చెప్పడం ఎంత తేలికో. "ఉందమ్మా. రేపే విజయనగరం ఆసుపత్రికి వెళ్దాం," అన్నాను.

అమ్మ నా చెయ్యి విదిలించి కొట్టింది. "నీకు జాలన్నదే లేదే."

"లేదమ్మా," అన్నాను.