షడ్డకుడి చేప

పోచయ్యకు షడ్డకుడంటే గిట్టదు. ఆ షడ్డకుడు నర్సింహ, పోచయ్య భార్య కౌసల్యకు చెల్లెలి మొగుడు. మనిషిలో వంక పెట్టడానికేమీ లేదు. పోచయ్య మంట కూడా అదే. ఇద్దరూ చేపలు పట్టేవాళ్లే. పోచయ్య చెరువు పటాన్‌చెరు ఫ్యాక్టరీల దిగువన ఉంది. నర్సింహది సంగారెడ్డి అవతల, పొలాల మధ్య.

ఏటా మిరుగం నాడు, మృగశిర కార్తె మొదలైన రోజున, అత్త సౌభాగ్యమ్మ ఇంట్లో చేపల పులుసు. అల్లుళ్లిద్దరూ చేప తెస్తారు. కుండలోకి నర్సింహదే వెళ్తుంది. పోచయ్య చేపను ఆమె వాసన చూసి, "ఉండనీ బిడ్డా, రేపు వండుత" అంటుంది. ఆ రేపు ఎన్నడూ రాలేదు.

నిరుడు వానాకాలం, చెరువుల్లో వదిలే చేపపిల్లల్ని నీళ్ల బ్యాగుల్లో నింపుకుని లారీ వచ్చినప్పుడు పోచయ్యకు తట్టింది. కిటుకంతా పిల్లల్లోనే ఉంది! మంచి బ్యాగులన్నీ నర్సింహకే పోతున్నాయి.

"నీ బ్యాగులు నాకియ్యి, నావి నువ్వు తీస్కో," అన్నాడు నర్సింహతో.

"అన్నీ ఒక్క లారీలయే గదనే అన్నా, ఏం ఫరకుంటది?"

"ఫరకు లేకుంటే ఇచ్చెయ్. ఏడుస్తవెందుకు?"

నర్సింహ నవ్వి ఇచ్చేశాడు. ఆ నవ్వు పోచయ్యకు దసరా దాకా కడుపులో మండింది.

ఈసారి మిరుగానికి ముందురోజు వల లాగాడు. మూరెడు కావలసిన బొచ్చె చేపలు జానెడు దగ్గరే ఆగిపోయాయి. కొన్నిటి వెన్ను కొడవలిలా వంగింది. ఎర్రగా ఉండాల్సిన మొప్పలు మట్టిరంగులో ఉన్నాయి.

"పిల్లలు ఆయనయే, నీళ్లు మనయి," అంది కౌసల్య. "ఇగ ఎవర్ని తిడ్తవ్?"

తిట్టదగినవి కంటికి కనబడవు. సీసం, కాడ్మియం ఫ్యాక్టరీల నీళ్లతో వచ్చి అడుగు బురదలో కూర్చుంటాయి. మొప్పలను పాడుచేసి చేపకు ఊపిరాడనివ్వవు. కాలేయంలో పేరుకుంటాయి, ఎముకలో కాల్షియం చోటు లాక్కుంటాయి. ఏ బ్యాగులోంచి వచ్చిన పిల్లయినా వాటికి ఒకటే.

అయినా పోచయ్య ఉన్నవాటిలో నిటారుగా ఉన్నదాన్ని సంచిలో వేసుకుని, భార్యనూ కూతురు హరిచందననూ బండెక్కించుకుని అత్తింటికి వెళ్లాడు. అక్కడ నర్సింహ తెచ్చిన బొచ్చె తోక తాంబాలం దాటి వేలాడుతోంది.

"అది నా బ్యాగుల పిల్లే," అన్నాడు పోచయ్య, అందరికీ వినబడేలా.

"అవునే అన్నా, నీదే," అని నర్సింహ ఒప్పేసుకున్నాడు. పోట్లాటకు కూడా సందివ్వని మనిషి!

సౌభాగ్యమ్మ కత్తిపీట ముందుకు లాక్కుంది. "ఏడాదంతా మూతి ముడుసుకుంటవ్. ఈసారి నీదే వండుత, సంచి ఇటియ్యి. పిల్లకు పెద్ద ముక్క ఏస్త."

ఇన్నేళ్లుగా అతను వినాలనుకున్న మాట అది. హరిచందన అప్పటికే పళ్లెం ముందు కూర్చుంది. పోచయ్య సంచిని వెనక్కి దాచుకున్నాడు.

"ఎండకు ఖరాబైంది అత్తా. వాడిదే వండు."

కౌసల్య అతని వంక చూసింది.

"చిన్నాయన చేప మస్తున్నది నాన్నా," అంది హరిచందన, పులుసు వడ్డించాక వేళ్లు నాకుతూ.

"నా బ్యాగులదే బిడ్డా, తిను," అన్నాడు పోచయ్య. హరిచందన తిన్నాక ఆమె పళ్లెంలో వెన్నెముక ఒక్కటే మిగిలింది, గీత గీసినట్టు నిటారుగా. పోచయ్య తన సంచిని కాలితో ఇంకాస్త వెనక్కి నెట్టాడు.